పాత ఇటుక పొగగొట్టానికి ఇనప కట్టెల పొయ్యి తగిలించాలంటే

మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో గ్యాస్ బండ ఉన్నా కూడా కట్టెల పొయ్యి వదలని ఇళ్ళు చాలానే ఉన్నాయి, పొద్దున్నే స్నానాలకి నీళ్ళు కాయాలన్నా పండక్కి పది మందికి వండాలన్నా అదే కావాలి, గ్యాస్ మీద గిట్టుబాటు కాదు. అట్టాంటోళ్ళు కొంతమంది ఇప్పుడు వెల్డింగ్ షాపులో తలుపుండే ఇనప పొయ్యి చేయించుకుంటున్నారు, వెనకనుంచో పైనుంచో 6 అంగుళాల గొట్టం వస్తుంది. మంచిదే, కట్టె తక్కువ పడుతుంది, ఇంట్లో పొగ ఉండదు, ఆడోళ్ళ కళ్ళు బాగుపడతాయి. కానీ పాత ఇంట్లో ఇటుక పొగగొట్టం ఎట్టాగూ ఉంది కదా, దానికో బొక్క కొట్టి ఈ గొట్టం దూర్చేద్దాం, అరపూట పని అంటారు చూడండి, ఆడే నాకు భయం. పొయ్యి వల్ల ఇల్లు కాలేది తక్కువ, గొట్టం గోడలోకి పోయే చోట, గోడ వెనక మనకి కనపడని చోట కాలేది ఎక్కువ. అందుకే పొయ్యికి అడ్వాన్స్ ఇవ్వకముందే పొగగొట్టం చూడండి. గొట్టం పనికిరాకపోతే పొయ్యి ఎంత బాగా చేయించినా దండగే.

పాత పొగగొట్టం కట్టింది బయటికి తెరుచుకుని ఉండే మట్టి పొయ్యికి. ఆ పొయ్యి మీద పొగతో పాటు వంటింటి గాలి కూడా బోలెడు పైకి పోతుంది, అందుకని గొట్టం లోపల అంత వేడి ఉండదు. మూత ఉండే ఇనప పొయ్యి అట్టా కాదు. దాంట్లోకి పోయే గాలి తక్కువ, కాబట్టి పెద్ద మంట పెడితే గొట్టంలోకి బాగా కాగిన పొగ పోతుంది, గాలి మూసేసి నిదానంగా మగ్గబెడితే చల్లారిపోయిన చిక్కటి పొగ పోతుంది. రెండూ పాత గొట్టానికి కొత్తే. వేడి పొగ పగుళ్ళలోంచి చెక్కని కాలుస్తుంది, చల్లటి పొగ గోడలకి తారులాగా జిడ్డు పట్టిస్తుంది, దాన్నే క్రియోసోట్ అంటారు. అది ఎండి పేరుకున్నాక ఒక రోజు అంటుకుందంటే గొట్టం లోపల 1000 డిగ్రీలు దాటిపోతుంది.

పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకుని వేడితో ఆరబెట్టే గది, నడిపినోళ్ళకి ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. కొండపి, టంగుటూరు, కందుకూరు చుట్టుపక్కల వర్జీనియా పొగాకు కాల్చేది ఇట్టాంటి గొట్టాలతోనే కదా, బయట పొయ్యిలో కట్టె మండుతుంది, రేకు గొట్టాలు బ్యారన్ లోపల నేల మీదుగా తిరిగి చిమ్నీలోంచి బయటికి పోతాయి, ఆకుకి వేడి తగలాలి గానీ పొగ తగలకూడదు. గొట్టానికి చిల్లు పడినా, ఎండిన ఆకు జారి గొట్టం మీద పడినా బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. సీజన్ ముందు గొట్టాలన్నీ తట్టి చూసి తుప్పు పట్టినవి మార్చే రైతు, ఇంట్లో పొయ్యి గొట్టం దగ్గరికొచ్చేసరికి మాత్రం పాత రేకు ముక్క ఏదుంటే అది చుట్టేస్తాడు, అది నాకు అర్థం కాదు, ఇంట్లో ఉండేది పిల్లలు కదా. ఇంకో మాట, బ్యారన్ గొట్టాలు చేసే రేకుపని మేస్త్రీలు మన దగ్గర ఉన్నారు కాబట్టి గొట్టం పనికి వాళ్ళనే పట్టుకోండి, అతుకులు ఎట్టా వేయాలో వాళ్ళకి చేతిలో ఉంటుంది.

ఇక కొలతల సంగతి. చాలా ఇళ్ళల్లో కట్టెల పొయ్యితో చలి కాచుకునే అమెరికాలో దీనికి అక్కడి అగ్నిప్రమాదాల నివారణ సంస్థ పెట్టిన ఎన్ఎఫ్‌పీఏ 211 అని ఒక ప్రమాణం ఉంది, కింద నేను చెప్పే అంగుళాలు అడుగులు చాలావరకు దాంట్లోవే, మన ఇళ్ళకి తగ్గట్టు చెప్తున్నా.

ముందు మిద్దెక్కి గొట్టం పైనుంచి లోపలికి టార్చ్ వేసి చూడండి. గువ్వల గూడో కందిరీగల పట్టో ఉడత పోగేసిన పీచో ఉంటుంది, కందిరీగలుంటే మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు. తర్వాత తాడుకి రాయి కట్టి కిందకి వదలండి, ఆగకుండా కిందదాకా వస్తే గొట్టం తిన్నగా ఉన్నట్టు, మధ్యలో తగులుకుంటే ఆడ వంపో కూలిన ఇటుకో ఉన్నట్టు. తాడుతోనే ఎత్తు కూడా తెలిసిపోతుంది. కిందనుంచి ఫోన్ కెమెరా లైట్ వేసి వీడియో తీసుకోండి, తర్వాత నిదానంగా చూస్తే పగుళ్ళు బాగా కనపడతాయి. పాత సున్నం అతుకు గోరుతో గీకితే పిండిలాగా రాలుతుందా చూడండి, సముద్రం దగ్గర ఊళ్ళల్లో, ఉప్పుగాలి తగిలే చోట ఇటుక కూడా పొట్టు పొట్టుగా లేస్తా ఉంటుంది. ఇంకోటి, ఆ గొట్టానికి ఇంకెక్కడైనా బొక్కలున్నాయేమో వెతకండి. పాత ఇళ్ళల్లో పక్క గదిలోనో పై అంతస్తులోనో ఒకప్పుడు పొయ్యి ఉండి తర్వాత గుడ్డలు కుక్కి పైన సున్నం పూసేసి ఉంటారు, క్యాలెండర్ తగిలించి ఉంటారు, మనకి గుర్తు కూడా ఉండదు. అవన్నీ ఇటుక పెట్టి గట్టిగా మూసేయాలి. ఒక గొట్టానికి ఒకటే పొయ్యి, గ్యాస్ గీజర్ పొగ కూడా దీంట్లోకి కలపొద్దు.

కంటికి అన్నీ బాగానే కనపడినా పొగ పరీక్ష చేయకుండా వదలొద్దు, దీనికి పైసా ఖర్చు లేదు. గొట్టం కింద తడి వేపాకు, కొంచెం తడి గడ్డి వేసి పొగ పెట్టండి, పైనుంచి పొగ బాగా రావడం మొదలయ్యాక మిద్దె మీద ఉన్న మనిషి తడి గోతం గొట్టం మీద కప్పేయాలి. కింద కూడా తడి గోతంతో మూసేసి ఇంట్లోవాళ్ళు ఒక్కో గదిలోకి పోయి చూడాలి, గోడలోంచి, అటక మీదనుంచి, దూలం పక్కనుంచి ఎక్కడ పొగ కారినా ఆడ గీత గీసి పెట్టుకోండి. ఎక్కువసేపు వద్దు, కిటికీలు తెరిచే ఉంచండి, ఉబ్బసం ఉన్నోళ్ళని, చంటిపిల్లల్ని ఆ కాసేపు బయట కూర్చోబెట్టండి.

నేను అందరికీ పదే పదే చెప్పేది మాత్రం చెక్క గురించి. మన పాత మిద్దెలు మద్రాస్ టెర్రస్, టేకు దూలాలు, వాటి మీద దంతెలు, పైన సన్న ఇటుకలు సున్నం. ఆ దూలం చివర గోడలో కూర్చోవాలి కదా, కట్టినోళ్ళు కొన్ని చోట్ల సరిగ్గా పొగగొట్టం గోడలోనే కూర్చోబెట్టారు. మా పెదనాన్న వాళ్ళ ఇంట్లో పొయ్యి పెట్టాలనుకున్నప్పుడు బేల్దారి మేస్త్రీ గొట్టం పక్కన రెండు అరచేతులంత సున్నం రాలగొట్టాడు. ఇటుక సందులో ఏదో నల్లగా కనపడింది. ఉలి మొనతో పొడిస్తే మెత్తగా దిగబడింది, బయటికి తీస్తే వేలికి బొగ్గు అంటింది. "ఇటుక అనుకున్నా అబ్బయ్యా, దూలం ఇది, లోపలంతా బొగ్గైపోయుండాది" అన్నాడు. మా పెద్దమ్మ "ఇన్నేళ్ళూ దీని కిందే పడుకున్నామే నాయనా" అని అట్టాగే నిలబడిపోయింది. మట్టి పొయ్యి సన్న సెగకే అది అట్టా అయ్యింది. చెక్క ఏళ్ళ తరబడి కాగి కాగి బొగ్గైతే ఇంకా తక్కువ వేడికే అంటుకుంటుంది, ఆ ఇంట్లో ఇనప పొయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అందుకని గొట్టం చుట్టూ, ముఖ్యంగా కప్పు తగిలే చోట, సున్నం కొంచెం రాలగొట్టించి చూడండి, గోడ పాడవుతుందని ఆలోచించొద్దు, మళ్ళీ పూసుకోవచ్చు. ఇటుక గొట్టానికి చెక్కకి మధ్య 2 అంగుళాల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో రంపప్పొట్టు, గుడ్డలు, థర్మోకోల్ కుక్కొద్దు. దూలం గొట్టంలోకే వచ్చి ఉంటే అది మేస్త్రీ ఒక్కడు తేల్చే పని కాదు, ఇంజనీర్‌ని పిలిచి దూలం చివర కోసి కింద వేరే ఆధారం ఇచ్చి అప్పుడు గొట్టంలో పడిన బొక్క మూయాలి. అది కుదరకపోతే ఆ గొట్టానికి ఇనప పొయ్యి తగిలించకండి, బయట వసారాలో విడిగా పెట్టుకోండి.

పూరిల్లు, బోదకప్పు, తాటాకు కప్పు ఇళ్ళకి అసలు ఈ పని వద్దనే చెప్తా. మీ ఇల్లు మిద్దె అయినా పక్కన తాటాకు పాకో గడ్డివామో ఉంటే గొట్టంలోంచి ఎగిరే నిప్పురవ్వ దాని మీద పడుతుంది, వాము జరపండి లేదా గొట్టం మీద జల్లెడ పెట్టండి. జల్లెడ కన్ను అర అంగుళం దాటకూడదు, అట్టా అని దోమతెర అంత సన్నది పెడితే వారానికే మసితో మూసుకుపోతుంది.

తర్వాత సైజు. ఇది చాలామంది పట్టించుకోరు, గొట్టం పెద్దదైతే పొగ బాగా పోతుంది అనుకుంటారు, అది తప్పు. పొగ పైకి పోయేది వేడి వల్ల, గొట్టం మరీ పెద్దదైతే పొగ దాంట్లో చల్లారిపోయి బరువెక్కి నిలబడిపోతుంది. పొయ్యి గొట్టం నోరు ఎంత ఉంటే ఇటుక గొట్టం లోపలి నోరు దానికి 3 రెట్లు దాటకూడదు, అది కూడా గొట్టం ఇంటి లోపల ఉంటే, ఒక పక్క గోడ బయటికి ఉండి ఎండా వానా తగులుతుంటే 2 రెట్లే. 6 అంగుళాల గుండ్రటి గొట్టం నోరు సుమారు 28 చదరపు అంగుళాలు. మీ ఇటుక గొట్టం లోపల 9 బై 9 ఉంటే 81, ఇంటి లోపలి గొట్టం అయితే సరిపోతుంది, బయటి గోడకి ఉంటే ఎక్కువ. 12 బై 12 అయితే 144, ఎక్కడున్నా పనికిరాదు. అట్టాంటప్పుడు ఇటుక గొట్టం లోపల పైనుంచి కిందదాకా స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం దించాలి, 304 రకమైనా సరే, 316 అయితే ఇంకా మేలు, దాని చుట్టూ సిరామిక్ ఊలు, అంటే వేడికి కాలని దూదిలాంటిది, చుట్టి దించితే పొగ చల్లారదు, ఇటుక కూడా కాగదు. ఊలు ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు, మూతికి మాస్క్ ఉండాలి. ఖర్చే, కాదనను, కానీ పాత గొట్టంలో పగుళ్ళుండి లోపలికి దిగి పూయడానికి కుదరనప్పుడు ఇంతకన్నా మంచి దారి లేదు, నన్నడిగితే పొయ్యి మీద పెట్టే డబ్బులు కొంచెం తగ్గించుకుని దీని మీద పెట్టమంటా.

ఎత్తు కూడా చూసుకోండి. గొట్టం మిద్దె మీద లేచిన చోటు నుంచి కనీసం 3 అడుగులు ఉండాలి, ఇంకా 10 అడుగుల లోపల ఏముందో దానికన్నా 2 అడుగులు పైకి ఉండాలి. ఈ రెండోదే మన ఊళ్ళల్లో తప్పిపోతుంది, ఎందుకంటే గొట్టం కట్టినప్పుడు చుట్టూ పెంకుటిళ్ళు, ఇప్పుడు పక్కనోళ్ళు రెండో అంతస్తు వేశారు, మనోళ్ళే మిద్దె మీద నీళ్ళ ట్యాంకుకి గది కట్టారు, ఆ గోడకి తగిలిన గాలి కిందకి తిరిగి గొట్టంలోకి దూరుతుంది, పొగంతా వంటింట్లోకి తన్నుతుంది. పొయ్యి మార్చినా కట్టె మార్చినా అది తగ్గదు, గొట్టం పెంచడమే మందు. పెంచేది గట్టిగా కట్టండి, వాయుగుండాలప్పుడు గాలి ఎట్టా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన జిల్లాలకి వానలు ఎక్కువ అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే, అది కూడా ఏటవాలు జల్లు, కాబట్టి గొట్టానికి రేకు టోపీ తప్పదు. గొట్టం నోటికీ టోపీకీ మధ్య ఖాళీ బాగా వదలండి, మరీ ఆనించేస్తే పొగ ఆగిపోతుంది.

పొయ్యికీ గోడకీ మధ్య గొట్టం దేంతో చేయాలి అనేది ఇప్పుడు. పీవీసీ గురించి చెప్పక్కర్లేదు. సిమెంటు ఆస్బెస్టాస్ పైపు, అదే ఏసీ పైపు, పాత పొగలేని పొయ్యిలకి వాడారు కాబట్టి ఇప్పటికీ అదే తెచ్చేవాళ్ళున్నారు, ఇనప పొయ్యి వేడికి అది పగిలిపోతుంది, ఒక్కోసారి టపాకాయలాగా చిట్లుతుంది, దాన్ని కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకి విషం. జీఐ రేకు, జీఐ పైపు తళతళలాడతా ఉంటుంది, తుప్పు పట్టదు అని షాపులో అంటగడతారు, దాని మీద ఉండేది జింకు పూత, జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, పొయ్యి నోటి దగ్గర గొట్టం బాగా కాగినప్పుడు ఆ పూత పాడై చెడ్డ పొగ వస్తుంది. మామూలు నల్ల ఇనప రేకు తీసుకోండి, 24 గేజ్ కన్నా పలచన వద్దు, 18 గేజ్ వేయిస్తే ఏళ్ళు వస్తుంది. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ రేకు మందం అని గుర్తుపెట్టుకోండి, కొంతమంది తిరగేసి అనుకుంటారు.

పొయ్యి పెట్టే చోట నేల బండలో సిమెంటో ఉండాలి, తలుపు ముందు ఒకటిన్నర అడుగు దాకా నిప్పు పడినా అంటుకునేది ఏదీ ఉండకూడదు. పొయ్యి చుట్టూ 3 అడుగుల లోపల చెక్క బీరువా, ప్లైవుడ్ అల్మరా, కర్టెన్, గోనె సంచులు, కిరోసిన్ డబ్బా ఏవీ వద్దు. గ్యాస్ బండ అయితే అదే గదిలో లేకుండా చూసుకోండి, రబ్బరు ట్యూబు పొయ్యి వెనకనుంచి పోవడం కళ్ళారా చూశా ఒకింట్లో, చెప్పి మార్పించేదాకా నాకు మనసు ఒప్పలేదు. పొయ్యినుంచి గోడకి పోయే రేకు గొట్టానికి చెక్కకి మధ్య 18 అంగుళాలు వదలాలి, కప్పుకి పీవీసీ సీలింగ్ కొట్టించి ఉంటే దానికీ అంతే. ఈ ఒంటి రేకు గొట్టాన్ని అటక మీదుగా గానీ, సీలింగ్ పైనుంచి గానీ, కనపడకుండా అల్మరా లోపలినుంచి గానీ పోనివ్వొద్దు. అటక మీద మన ఇళ్ళల్లో ఉండేది ఏంది, పాత పరుపులు, చింతపండు మూటలు, పెళ్ళి పందిరి గుడ్డలు.

గొట్టం బిగించేటప్పుడు పొయ్యినుంచి వీలైనంత ఎత్తు తిన్నగా పైకి పోనిచ్చి అప్పుడు గోడ వైపు తిప్పండి, పొగకి ఊపు వస్తుంది. వంపులు రెండు దాటొద్దు, 90 డిగ్రీల ఒక్క ఎల్బో బదులు 45వి రెండు వేస్తే ఇంకా బాగా లాగుతుంది. అడ్డంగా పోయే ముక్క పొట్టిగా ఉండాలి, 3, 4 అడుగుల లోపల ముగించండి, అది కూడా గోడ వైపు ఎత్తుగా, అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. అతుకుల సంగతి చూడండి, పై గొట్టం చివర కింది గొట్టం లోపలికి దూరాలి. మేస్త్రీలు వాన నీళ్ళ గొట్టం అలవాటుతో ఇది సరిగ్గానే చేస్తారు గానీ పొగ బయటికొస్తుందేమో అని మనమే తిరగేయమంటాం, తిరగేయొద్దు, లోపల కారే జిడ్డు గొట్టం లోపలినుంచే పొయ్యిలోకి దిగి కాలిపోవాలి, తిరగేస్తే అతుకుల్లోంచి బయటికి కారి గోడంతా కంపు. ప్రతి అతుక్కీ మూడు రేకు స్క్రూలు వేయండి, టేపులు, తీగ చుట్లు పనికిరావు.

గోడలో బొక్క కొట్టేటప్పుడు పెద్ద సుత్తితో బాదొద్దు, పాత సున్నం గోడ కదిలిపోతుంది, ఉలితో ఒక్కో ఇటుక నిదానంగా తీయాలి. గొట్టం కన్నా అర అంగుళం పెద్దదిగా మందపాటి ఇనప తొడుగు ఒకటి చేయించి ఆ బొక్కలో కూర్చోబెట్టండి, చుట్టూ ఫైర్ క్లే, అంటే వేడికి తట్టుకునే మట్టి, కలిపిన మసాలాతో నింపాలి, మామూలు సిమెంటు ఈ వేడికి పగుళ్ళిచ్చేస్తుంది. తొడుగు చివర ఇటుక గొట్టం లోపలి గోడకి సమానంగా ఆగాలి, పొయ్యి గొట్టం కూడా అంతే, ఒక్క అంగుళం లోపలికి పొడుచుకొచ్చినా పైకి పోయే దారి మూసేస్తుంది, మసి కూడా దాని మీదే పేరుకుంటుంది. ఎంత లోపలికి పోవాలో ముందే కొలిచి గొట్టం మీద సుద్దతో గీత గీసుకుంటే గొడవుండదు. గొట్టానికి తొడుగుకి మధ్య ఉండే సందులో సిరామిక్ తాడు కుక్కండి, మసాలా పెట్టి మూసేస్తే ఇనుము కాగి సాగినప్పుడు గోడ పగులుతుంది, ఏడాదికోసారి శుభ్రానికి ఊడదీయడానికి కూడా రాదు. ఈ బొక్కకి ఒక అడుగు కింద ఇటుక గొట్టానికే గట్టిగా మూసుకునే చిన్న ఇనప తలుపు పెట్టించండి, రాలిన మసి అంతా ఆడికి చేరుతుంది, తీసేసుకోవచ్చు. పాత మట్టి పొయ్యి నోరు కింద అట్టాగే తెరిచి ఉంటే అది ఇటుకతో మూసేయాల్సిందే, లేకపోతే గొట్టం వంటింటి గాలి లాగుతుంది గానీ పొయ్యిలోది లాగదు.

మసాలా ఆరడానికి కొన్ని రోజులు వదిలేయండి, తొందరపడి పెద్ద మంట పెడితే లోపలి తడి ఆవిరై పగలగొడుతుంది. మొదట సన్న పుల్లలతో చిన్న మంటలు రెండు మూడు పూటలు. కొత్త పొయ్యికి రంగు వేసి ఉంటే మొదటి రెండు సార్లు కంపు వస్తుంది, కిటికీలు తెరవండి. వెలిగించే ముందు పొయ్యి తలుపు దగ్గర అగరబత్తి పట్టుకుని చూడండి, పొగ లోపలికి పోతే గొట్టం లాగుతున్నట్టు, మొహాన కొడితే లాగట్లేదన్నట్టు. మన ఎండాకాలం మధ్యాహ్నం ఇల్లు కన్నా బయటే వేడి కాబట్టి చల్లటి ఇటుక గొట్టంలో గాలి కిందకి దిగుతా ఉంటుంది, అప్పుడు రెండు పేపర్లు నలిపి ముందు వాటిని మండిస్తే గొట్టం వేడెక్కి దారికొస్తుంది.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే పొయ్యి వెలుగుతున్నంతసేపూ ఆపేయండి. ఆ ఫ్యాన్ ఇంట్లో గాలి బయటికి తోసేస్తుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు పొగగొట్టంలోంచి గాలి లాక్కుంటుంది, గాలితో పాటు పొగ. పొగ కంటికి కనపడితే పరవాలేదు, దగ్గు వస్తుంది, లేస్తాం. నిప్పులు మగ్గేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం, మత్తు, అంతే, నిద్రలో ఉన్నోళ్ళకి అది కూడా తెలియదు. ఇప్పుడు పల్లెల్లో కూడా ఏసీలు పెట్టుకుని కిటికీ సందులన్నీ మూసుకుంటున్నాం కాబట్టి వంటింటి పక్క గదిలో పడుకునేవాళ్ళుంటే కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఒకటి తప్పకుండా కొనండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బ్యాటరీ చూసుకోవాలి. పొగ డిటెక్టర్ వేరు, ఇది వేరు, అడిగి కొనండి. పొయ్యి ఉన్న గదిలో బయటినుంచి గాలి వచ్చే కిటికీ ఒకటి ఎప్పుడూ కొంచెం తెరిచే ఉండాలి.

కట్టె సంగతికొస్తే మనకి చిల్లకంపకి, సరుగుడుకి, జామాయిల్‌కి లోటు లేదు, అవి ఎండితే బాగా మండుతాయి. ఎండితే అనేదే ముఖ్యం. పచ్చి కట్టెలో సగం దాకా నీళ్ళే, ఆ నీళ్ళు ఆవిరి చేయడానికే మంట ఖర్చయిపోయి గొట్టంలోకి చల్లటి తడి పొగ పోతుంది, ఇందాక చెప్పిన జిడ్డు పట్టేది అప్పుడే. వేసవిలో చీల్చి రేకు కింద గాలి తగిలేట్టు పేర్చి పెట్టుకుంటే కార్తీకంలో వానలప్పటికి మంచి కట్టె ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పెద్ద మొద్దు తోసి గాలి మూసేసి పొద్దునకి నిప్పు నిలబెట్టుకోవడం మనోళ్ళకి అలవాటు, మట్టి పొయ్యిలో అది నడిచింది గానీ మూత పొయ్యిలో గొట్టానికి అంతకన్నా చెడ్డది లేదు, పొద్దున్నే కొత్తగా వెలిగించుకోండి. పెయింట్ వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు పొయ్యిలో వేయొద్దు.

వాడే ఇల్లయితే మొదటి ఏడాది నెలకోసారి మసి తలుపు తీసి అద్దం పెట్టి చూడండి, మీ కట్టెకి మీ గొట్టానికి ఎంత పేరుకుంటుందో తెలిసిపోతుంది. గోడకి మసి 3 మిల్లీమీటర్లు దాటితే శుభ్రం చేయాల్సిందే, రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చే మందం అనుకోండి సుమారుగా. మామూలుగా అయితే ఏడాదికోసారి, వానలకి ముందు సెప్టెంబర్‌లో. ఇటుక గొట్టానికి గట్టి తీగ బ్రష్, లోపల స్టీల్ గొట్టం దించి ఉంటే ప్లాస్టిక్ బ్రష్, తాడుకి కట్టి పైనుంచి కిందకి లాగాలి. పొయ్యి తలుపు మూసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని. మసి పొడిపొడిగా రాలితే సంతోషం, నల్లగా గాజులాగా మెరుస్తా గట్టిగా అంటుకుని ఉంటే బ్రష్‌తో పోదు, అది తీయించకుండా మళ్ళీ వెలిగించొద్దు. బూడిద తీసేటప్పుడు మూతుండే ఇనప డబ్బాలోకే తీయండి, చల్లారినట్టే కనపడినా లోపల నిప్పు రెండు మూడు రోజులు ఉంటుంది, పేడదిబ్బ మీద పోస్తే గాలికి రాత్రికి రాత్రే రాజుకుంటుంది.

గొట్టం లోపల అంటుకుంటే ముందు శబ్దం వస్తుంది, గొట్టంలో గాలి హోరుమని, రేకు గొట్టం అదురుతుంది, ఎర్రబడుతుంది కూడా, మిద్దె మీద గొట్టంలోంచి మంట, రవ్వలు. అప్పుడు పొయ్యి తలుపు, గాలి రంధ్రాలు అన్నీ మూసేయండి, అందర్నీ బయటికి పంపి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మిద్దెక్కి గొట్టంలో బిందెలతో నీళ్ళు పోయొద్దు, ఆ వేడికి నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై గొట్టాన్ని చీలుస్తాయి, పోసేవాడి మొహం కాలుతుంది. గొట్టం దగ్గర ఉండే తాటాకు, గడ్డి మీద మాత్రం నీళ్ళు చల్లండి. మంట ఆరిపోయినట్టున్నా దూలాల పక్కన, అటక మీద కొన్ని గంటలు చేత్తో గోడ తాకి చూస్తానే ఉండాలి, గోడ వెనక చెక్క తర్వాత రాజుకుంటుంది. ఆ తర్వాత గొట్టం పైనుంచి కిందదాకా మళ్ళీ చూపించి, పొగ పరీక్ష మళ్ళీ చేసి, పగుళ్ళు పూడ్చేదాకా ఆ పొయ్యి వెలిగించొద్దు, నీళ్ళు గ్యాస్ మీదే కాచుకోండి.